వెనక నుంచి పిలిచాను

మందమర్రిలో సువార్త సేవకు వెళ్లిన వారమది. నేనూ, నా జత సేవకుడు సామ్యేలూ బొగ్గుబాయి కార్మికుల కాలనీలో మురుగు కాలువలు తీశాం, ముసలివాళ్లకు నీళ్లు మోశాం. ప్రార్థన అనేసరికి మాత్రం తలుపులు మూసుకునేవి. చివరి ఇంటి పోశవ్వ మా మొహమైనా చూసేది కాదు.

శుక్రవారం పొద్దున ఆమె కొడుకు డ్యూటీకి బయల్దేరాడు. "అన్నా, దేవుడు నీకు తోడుంటాడు!" అని వెనక నుంచి కేకేశాను. అతను ఆగి, తిరిగొచ్చి మెట్టుమీద కూర్చున్నాడు. తల్లి ఇచ్చిన మంచినీళ్లు తాగి మళ్లీ వెళ్లాడు.

పోశవ్వ చెంబు కింద పెట్టి మా వైపు తిరిగింది.

"బాయికి పోయేటోన్ని ఎనకకెల్లి పిలుస్తరా? సద్ది మర్శిండని వాని బాపును గా దినం నేనే పిలిచిన. మల్ల పైకి రాలే."

పోశవ్వ మెట్టు వైపు చెయ్యి చూపింది.

"మీ దేవునికి చెప్పుండ్రి. వాడు వచ్చేదాక గిక్కడికెల్లి లేవద్దు," అంది.

షిఫ్టు దిగేదాకా ఆ మెట్టుమీదే ఉన్నాం. ఆ వారమంతటిలో నేను భయపడి ప్రార్థించింది అప్పుడే. కొడుకు మసిమొహంతో ఇంట్లోకి వెళ్లాక మేం లేచాం.

వీధి చివర పోశవ్వ రొప్పుతూ మమ్మల్ని దాటి, ఎదురుగా వచ్చి నిలబడింది.

"రేపటికెల్లి మా దిక్కు రాకుండ్రి, బిడ్డా."