ఉప్పుటేట్లో నేను పారబోసిన మంచినీళ్ళు

మా చిన్నప్పుడు... ఒక ఎండాకాలం సెలవుల్లో పది రోజులు పడవలో తిరిగాను. హైదరాబాదులో తార్నాక పిల్లకి పడవ ఎక్కడిదంటారా? మా నాయిన యూనివర్సిటీలో జంతుశాస్త్రం ల్యాబులో పనిచేసేవాడు. అరవైల చివర్లో నలుగురు ఎమ్మెస్సీ వాళ్ళని కాకినాడ వైపు తీసుకుపోయి, పీతలు, చేపపిల్లలు పట్టించి సీసాల్లో వేయించే పని ఆయన మీద పడింది. నన్నూ తీసుకుపొమ్మని రెండు పూటలు అన్నం మానేశాను. నాయిన మెత్తని మనిషి, సరేనన్నాడు.

అక్కడ సముద్రపు నీళ్ళు నేల లోపలిదాకా వచ్చిపోయే పాయలుంటాయి. ఉప్పుటేర్లంటారు. రెండు పక్కలా మడ చెట్లు, మధ్యలో మా పడవ. పడవ సత్తియ్య తాతది. పెద్ద వయసు, చిన్న గోచీ, తలకి తుండుగుడ్డ... నన్ను 'పట్నం పాప' అనేవాడు.

పొద్దున సముద్రం పోటెత్తి నీళ్ళు లోపలికి వస్తుంటే వాటి మీదే పాయల్లోకి పోయి, సాయంత్రానికి ఏదో ఒక ఊరి రేవులో దిగేవాళ్ళం. తాళ్ళరేవు, యానాం, ఇంకా పేర్లు మరిచిపోయిన చిన్న చిన్న ఊళ్ళు... నాయిన సీసాలకి చీటీలు అంటించుకుంటుంటే నేను తాత చెయ్యి పట్టుకుని వీధులన్నీ తిరిగేదాన్ని. పెంకుటిళ్ళు, ఆరబెట్టిన వలలు, ఎండుచేపల వాసన. నేను "గదేంది తాతా?" అంటే ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. "నవ్వకండే, మా పిల్ల" అని తాత వాళ్ళని కసిరి, కొట్లో జీళ్ళు కొనిపెట్టేవాడు.

రోజూ తెల్లవారగానే తాత ఊరి మంచినీళ్ళ నూతికి పోయి పెద్ద కుండ నిండా తోడుకొచ్చి, మూతికి గుడ్డ వాసెన కట్టి, పడవలో నీడన పెట్టేవాడు. తాగడానికి ఆ నూతి నీళ్ళే ఎందుకో నాకెవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికి మాత్రం తడుతుంది?

ఏడో రోజు అనుకుంటా. అందరూ పీతల కోసం బురదలోకి దిగారు. నేనూ దిగాను గానీ, కాలి మీద ఏదో పాకేసరికి కేకపెట్టి ఒక్కదాన్నే పడవెక్కేశాను. మోకాళ్ళదాకా నల్లని బురద. మా ఇంట్లో అమ్మ కాళ్ళు కడగనిదే గడప దాటనిచ్చేది కాదు. ఏటి నీళ్ళు చూస్తే మురికిగా ఉన్నాయి. కుండలో నీళ్ళు తేటగా ఉన్నాయి. ఇంకేం... చెంబుతో ముంచుకుని హాయిగా కడుక్కున్నాను. కుండ అడుగంటింది. చుట్టూ ఇన్ని నీళ్ళుండగా కుండకి ఏం కరువని, ఏట్లోంచే తోడి నింపి, గుడ్డ మళ్ళీ కట్టేశాను. మూసీ తప్ప నీళ్ళెరగని దాన్ని... నీళ్ళన్నీ ఒకటేననుకున్నాను.

అందరూ దాహంతో వచ్చారు. నాయిన గ్లాసు ఎత్తి, ఒక్క గుక్క తాగి థూ అని ఉమ్మేశాడు.

"ఏందయ్యా ఇది? ఉప్పు కషాయం! నూతిదాంక పోనీకి బద్ధకమై ఏట్ల ముంచుకొచ్చినవా?"

"నూతి నీళ్ళేనండి బాబూ! కావాలంటే ఊళ్ళో అడగండి. నేనే తోడేనండి."

"మరి ఉప్పేడికెళ్ళి ఒచ్చింది? పట్నమోళ్ళం, మాకేం తెల్వదనుకున్నవా?"

నాయిన గొంతు అంత లేవగా వినడం అదే మొదటిసారి. తాత ఏదో అనబోయి, నా కాళ్ళ వైపు చూశాడు. పడవలో అందరి కాళ్ళూ నల్లగా ఉన్నాయి, నావి తప్ప. నాయిన వైపు తిరిగి, "పొరపాటైపోయిందండి" అన్నాడు.

నేను నోరు విప్పలేదు. నాయిన కొడతాడని కాదు, ఆయన ఏనాడూ నా మీద చెయ్యెత్తలేదు. ఆ నలుగురు చదువుకున్నవాళ్ళ ముందు "ఇంత గూడ తెల్వదా?" అనిపించుకోవడం నామోషీ. అంతే... అంతకంటే ఇంకేం కారణం లేదు.

అప్పటికే పాటు మొదలై నీళ్ళు వెనక్కి పోయాయి. పడవ బురదలో కూరుకుంది, మళ్ళీ పోటు వచ్చేదాకా కదలదు. ఆ మండుటెండలో తాత కుండ భుజాన పెట్టుకుని, తొడల్లోతు బురదలో ఊరిదాకా నడిచి వెళ్ళాడు. పొద్దు వాలాక వచ్చాడు. మొదటి చెంబు నాకే ఇచ్చాడు. "తాగు పాపా... కాళ్ళకి కాదు" అన్నాడు, నా ఒక్కదానికే వినపడేలా.

మర్నాడు నాయిన వేరే పడవ మాట్లాడాడు. తాత మా సామానంతా తనే రేవులో దించి, సీసాల మధ్య గడ్డి సర్ది పెట్టాడు. నా వైపు మాత్రం చూడలేదు. నేను అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా... చెప్పలేదు.

తార్నాకకి వచ్చాక అది మా ఇంట్లో తమాషా కథైపోయింది. సీతాఫల్‌మండి నుంచి చుట్టాలొస్తే చాలు, "ఒక పడవోడు మాకు సముద్రం తాపిండు" అని నాయిన మొదలుపెట్టేవాడు. ఒకసారి, అప్పటికి నేను కాలేజీకి వచ్చాను, నాయినకి అందిస్తూ నేనే అన్నాను, "ముసలోడు గద నాయినా, బద్ధకమైనట్టున్నది" అని. అందరూ పగలబడి నవ్వారు. కుండ పారబోసింది తొమ్మిదేళ్ళ పిల్ల, దానికి తెలియదు. ఈ మాట అన్నది మాత్రం అన్నీ తెలిసిన మనిషి. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. నాయిన ఆ కథ నిజమనుకునే పోయాడు.

ఇప్పుడా మడ అడవుల్లో చెక్క వంతెనలు వేశారట. పడవెక్కితే చల్లటి నీళ్ళ సీసా చేతికిస్తారట, సగం తాగి పారేస్తారట. మనవరాలు ఫోన్లో చూపించి "పోదాం అమ్మమ్మా" అంటున్నది. ఏ ముఖం పెట్టుకుని పోను?

మీ తప్పు నెత్తిన వేసుకుని నోరు మూసుకున్న మనిషి మీకూ ఎవరైనా ఉంటే, కింద వాళ్ళ పేరు రాయండి. ఎప్పటికో ఒకప్పటికి చెప్పాలి కదా...

ముందు నేనే రాస్తాను. సత్తియ్య తాత ఆ రోజు మంచినీళ్ళే నింపాడు.