కప్పతల్లికి పోసిన బోరు నీళ్లు

మా కాలనీలో ఎవరినడిగినా ఒకటే కథ చెబుతారు. ఇళ్లు లేచాయి, కుంటలు పూడాయి, కప్పలు వెళ్లిపోయాయి. అంతా అభివృద్ధి మీదికి తోసేసి చేతులు దులుపుకుంటారు. నేను ఒప్పుకోను. నాచారంలో మేము ఇల్లు కట్టుకునేనాటికే ఇక్కడ ఖాళీ జాగా పెద్దగా లేదు. అయినా కప్పలున్నాయి. సంపు మూత తీస్తే ఉండేవి, బాత్రూం మూలన ఉండేవి. తొలకరి పడిన సాయంత్రం వాటి గోలకు టీవీ శబ్దం పెంచుకోవలసి వచ్చేది. ఇళ్లతో అవి సర్దుకున్నాయి. అవి పోయింది వెనక నాలాలో ఫ్యాక్టరీల నీళ్లు కలిసి నురగ కక్కడం మొదలయ్యాక. ముందు తోకకప్పలు కనబడటం మానేశాయి. తర్వాత పెద్దవి గోడవారన ఉబ్బి చచ్చిపడి ఉండేవి. ఆ తర్వాత చచ్చినవి కూడా లేవు.

డిగ్రీలో నాది జంతుశాస్త్రం. కప్ప నోటితో నీళ్లు తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. ఊపిరి కూడా కొంత చర్మంతోనే. నీళ్లలో ఏది కలిసినా ముందు దాని ఒంట్లోకే పోతుంది. ఈ మాట కాలనీ సంఘం మీటింగులో చెబితే అధ్యక్షుడు నవ్వాడు.

"మంజీర నీళ్లు తాగుతున్నం గద మేడం, కప్పల ఫికర్ మీకెందుకు?"

మంజీర నల్లా వచ్చేది తాగడానికి, వంటకు సరిపోతుంది. స్నానాలకు, బట్టలకు, అంట్లకు ఇంటింటా ఆ నాలా పక్కన తవ్విన బోరే. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఈ ఏడాది ఆషాఢం వచ్చినా చినుకు లేదు. నల్లగొండ, జనగామ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఆడవాళ్లు కప్పతల్లి ఆడదామన్నారు. రోకలికి వేపమండలు చుట్టి, కప్పను గుడ్డలో కట్టి, ఇద్దరు భుజాన మోస్తూ ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటి ఇల్లాలూ దాని మీద చెంబుడు నీళ్లు పోస్తుంది. అలా చేస్తే వాన వస్తుందని నమ్మకం. నమ్మకం ఉంది, కప్ప లేదు. నాచారమంతా వెతికారు, ఉప్పల్ దాకా వెళ్లొచ్చారు. చివరికి ఎదురింటావిడ తమ్ముడు అన్నోజిగూడ అవతలి పొలాల నుంచి పెయింటు డబ్బాలో రెండింటిని తెచ్చాడు.

"ఏందక్కా, వానకు గూడ ఇంపోర్టెడ్ కప్పనేనా మనకు!" అని అందరూ పడీపడీ నవ్వారు.

ఒకదాన్ని రోకలికి కట్టారు. రెండోదాన్ని మా వరండాలో టబ్బులో ఉంచాను. బోరు మీద నమ్మకం లేక, నల్లా రాని రోజుల కోసం కొనుక్కునే క్యాను నీళ్లే పోశాను.

ఊరేగింపులో నేనూ ఉన్నాను. మొదటి ఇళ్ల దగ్గర కప్ప గట్టిగానే తన్నుకుంది. చెంబు తర్వాత చెంబు, అన్నీ బోరు నీళ్లే. వీధి మలుపు తిరిగేసరికి కాళ్లు చాపేసింది. ఆఖరున మా ఇంటికి వచ్చాం. కింది వాటాలో అద్దెకుండే అమ్మాయి చంకలో నెలల పాపతో వచ్చి నీళ్లు పోసింది. గుడ్డ విప్పితే కప్ప చచ్చిపోయి ఉంది.

"బాలింత పోయొద్దంటె ఇంటదా? ఇగ వాన పడ్డట్టే!" అని ఒక పెద్దావిడ గుండెలు బాదుకుంది.

నాకు ఒళ్లు మండింది. "ఆ పిల్ల పోసింది ఒక్క చెంబు. మీరు పోసిన బిందెలేమాయె?"

"కట్టేస్తె సావదా మరి?" అంది పెద్దావిడ.

"మీ ఊర్ల పొద్దుందాక తిప్పి చెర్ల ఇడిసిపెట్టలే? గప్పుడు సచ్చిందా?"

మా టబ్బులోది మాత్రం బతికే ఉంది. దాన్ని బోరు నీళ్ల బకెట్లో వేస్తాను, అప్పుడైనా నమ్ముతారా అని లేచాను. కింది వాటా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్లలో అవమానం లేదు, భయం ఉంది.

"దాన్నెందుకు సంపుతవక్కా? రోజూ నా బిడ్డకు గవే నీళ్లు పోస్తున్న గద!"

పాప మెడ మడతల్లో, మోకాళ్ల వెనక ఎర్రటి పొక్కులు అప్పటికే ఉన్నాయి. దవాఖానాలో పూత మందు రాసిచ్చి, నీళ్లు మార్చి చూడమన్నారట. మార్చడానికి ఆమెకు వేరే నీళ్లెక్కడివి? భర్త ఫ్యాక్టరీ జీతంతో పాప స్నానానికి క్యాన్లు కొంటుందా? మర్నాటి నుంచి మా క్యానులోంచి కొంత కిందికి పంపుతున్నాను. ఒళ్లు తుడవడానికే చాలదు. మిగతాది బోరే.

కాలుష్య నియంత్రణ ఆఫీసు చుట్టూ తిరిగాను. అర్జీలు పెట్టాను, అరిచాను, అరిచినందుకు మాటలు పడ్డాను. చివరికి నీళ్లు పరీక్షించేవాడు వచ్చాడు. మా పెరట్లో బోరు కుళాయి, మంజీర నల్లా పక్కపక్కనే ఉంటాయి. నేను బోరు తిప్పి చూపించాను. అతను సీసాను నల్లా కింద పెట్టాడు.

"అది కాదు, ఇది!" అన్నాను.

"రెండూ మీ ఇంటియే గదమ్మా" అని మూత బిగించుకుని బండెక్కాడు.

నీళ్లు బాగున్నాయని కాగితం వచ్చింది. అధ్యక్షుడు దాన్ని ఫోటో తీసి కాలనీ గ్రూపులో పెట్టాడు, కింద దండాల బొమ్మలతో. పాప పొక్కులు ఇప్పుడు వీపు మీదికి పాకాయి. ఈ ఉదయం కూడా ఆ తల్లి బోరు బకెట్టు ముందు కూర్చుని, చెంబు ముంచాలా వద్దా అన్నట్టు నా వైపు చూసింది.

నేను తిప్పిన బోరు కుళాయి ఆ రోజు అతని కళ్లముందే ధారగా కారింది. మరి ఆ సీసాను పక్క నల్లా కింద పెట్టమని అతనికి చెప్పి పంపిందెవరు?