మెల్లగా మెట్లు దిగిన మనిషి

నా భార్య సంచి సర్దుకుని వెళ్తుంటే నేను పిలవలేదు. అంత గట్టి బేరగాడిని. సూర్యాపేట బజారులో ఇంకొకడైతే ఆమె సగం మెట్లు దిగకముందే మెత్తబడేవాడు.

మాది బట్టల దుకాణం, పైన ఇల్లు. గిరాకీ మనసు చదవడం బాపు దగ్గర నేర్చుకున్నాను. ధర కుదరక లేచిపోయేవాళ్లను చూపించి చెప్పేవాడు: "ఉరికెటోన్ని పిలువురా, వాడు నిజంగనే పోతుండు. నిమ్మళంగ దిగెటోన్ని పిలిస్తివా, రేటు పడ్డట్టే. వాడే మళ్లొస్తడు సూడు." నిజంగానే వచ్చేవాళ్లు.

మిర్యాలగూడ దవాఖానలో కడుపు పోయి ఇంటికొచ్చాక ఆమె వేరే ఇల్లు కిరాయికి తీసుకుందామంది. మా పడగ్గది నిండా సరుకు మూటలే. వాటికోసం పనివాళ్లు పొద్దంతా వచ్చిపోతుంటారు. ఇల్లన్నది ఆమె ఎత్తి చెప్పిన రేటనుకున్నాను. "దసరా గిరాకీ ఖతం కానీ, సూద్దాం" అని నా తీరులో రేటు కోసి అడిగాను. మర్నాడు ఆమె కోదాడలోని పుట్టింటికి పోతానంది.

చాలా మెల్లగా దిగింది. ఒక మెట్టు, కాసేపు ఆగడం, ఇంకో మెట్టు. గల్లా దగ్గర కూర్చుని లోలోపల నవ్వుకున్నాను.

"ఏందిరా, బస్సు కాడికన్న తోల్కపోవా?" అన్నాడు బాపు.

"నువ్వు జర ఊకో బాపూ. ఆమెనే ఫోన్ జేస్తది."

చేయలేదు. దసరా కూడా దాటిపోయింది. చివరికి ఒక చిన్న కిరాయి పోర్షన్ దగ్గర బేరం తెగ్గొడదామని మనసులో ఖాయం చేసుకుని కోదాడ బస్సెక్కాను.

అత్తగారు మంచినీళ్లిచ్చి, "దారి దొరికిందా అల్లుడుగారూ?" అని లోపలికి వెళ్లిపోయింది. నేను పోర్షన్ సంగతి ఎత్తగానే నా భార్య ఆపేసింది.

"ఇల్లేం చేసుకుంటానండీ? తలుపేసుకుని ఏడవటానికి ఒక గది కావాలనిపించింది. అంతే."

"మరి గంత నిమ్మళంగ దిగినవ్? పోయే మనిషివి కాదనుకున్న."

"కళ్లు తిరిగాయండీ. గోడ పట్టుకుని దిగాను. సంచి అందుకుంటారేమోనని మధ్యలో ఆగాను కూడా."

గోడ మీద ఆమె చేయి నాకు కనిపించింది ఆ రోజు. కనిపించినా నాకు బేరమే కనిపించింది.

ఆమె నాతో వచ్చేసింది. వేరే ఇల్లు తీసుకున్నాం, గదికి తలుపుంది. ఇక లెక్క దొంగతనం లేకుండా చెప్తాను. బిడ్డ పోయింది ఇద్దరికీ, ఏడ్చింది ఆమె ఒక్కతే. మొన్న జ్వరమొస్తే తనే ఆటో మాట్లాడుకుని దవాఖానకు వెళ్లొచ్చింది. పక్కింటావిడ చెబితేగాని నాకు తెలియలేదు. నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"మీకు గిరాకీ ఉంటుంది కదండీ" అంది.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండునని వెతికాను. ఇప్పుడు ఆమె నన్ను ఏదీ అడగదు. ఆ రోజు పిలవకుండా నేను గెలిచిన బేరానికి ఖరీదు ఇదీ.