ఎడమచేతి లేసు

నేను వరంగల్ మట్టెవాడకు కోడలిగా వచ్చిన మరుసటి ఏడు, నెలలు నిండకముందే కాన్పై బిడ్డ దక్కలేదు. డెబ్బైల చివరి రోజులవి. దవాఖాన నుంచి వచ్చాక నేను మాట్లాడటం దాదాపు మానేశాను. మా ఆయన పొద్దున్నే గిన్నెల దుకాణానికి వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవారు. అత్తమ్మ వేళకు అన్నం పెట్టేది, తినమని బలవంతం చేసేది కాదు. నేను వంటింటి గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని.

పక్కింట్లో డోర్నకల్ నుంచి వచ్చిన కుటుంబం అద్దెకుండేది. ఆయనకు రైల్వేలో పని. ఆమె నాకంటే పదేళ్లు పెద్దదేమో, నేను అక్కా అని పిలిచేదాన్ని. చిన్నప్పుడు చర్చి హాస్టల్లో ఉండి లేసు అల్లడం నేర్చుకుందట. బడి వదిలాక వాడలోని ఆడపిల్లలు ఆమె అరుగు మీద చేరేవారు. కొస కొక్కెంలా వంగిన సన్నటి సూదితో దారాన్ని గొలుసులా అల్లించేది. గొలుసు మీద వరుసలు వేయించి జేబురుమాళ్ల అంచులు, రేడియో మీద కప్పే గుడ్డలు చేయించేది.

ఒకరోజు ఆమె పెద్ద చిక్కు పడిన దారం పట్టుకుని మా ఇంట్లోకి వచ్చింది. పిల్లలు ఉండను దొర్లించి ఆడారట.

“చెల్లె, పారేద్దామంటె పానం ఒప్పుతలేదు. జర ఇప్పి పెడ్తవా? తొందరేం లేదు.”

కాదనే ఓపిక కూడా లేక తీసుకున్నాను. దీపాలు పెట్టేదాకా దారపు కొస వెతుకుతూనే ఉన్నాను. మర్నాడూ అదే పని. బిడ్డ గుర్తు రాకుండా ఒక పూట గడవడం అదే మొదటిసారి. ఆ సంగతి తోచి, బిడ్డను మరిచిపోతున్నానేమోనని ఏడ్చాను. ఏడ్చి మళ్లీ దారం అందుకున్నాను.

చుట్టిన ఉండ ఇవ్వడానికి వెళితే అక్క నన్ను పిల్లల మధ్య కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. వాళ్లింట్లో చాయ్ తాగితే అత్తమ్మ ఏమంటుందోనని భయపడ్డాను. మా ఇంట్లో పట్టింపులు ఎక్కువ. అత్తమ్మ గుమ్మంలోంచి చూసి లోపలికి వెళ్లిపోయింది. మర్నాడు మధ్యాహ్నం తానే నన్ను లేపి, పక్కింటికి వెళ్లి రమ్మంది.

ఆ పిల్లల్లో మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే ఆయన కూతురు ఒకతె ఉండేది. మిగతా పిల్లలు అంచులు అల్లుతుంటే ఆ అమ్మాయి సూది పట్టుకోవడం దగ్గరే ఆగిపోయింది. అక్క సూదిని కుడిచేతికి మార్చేది. అక్క అటు తిరగ్గానే అది మళ్లీ ఎడమచేతిలోకి వచ్చేది. నేను ఉండ చుట్టేదీ ఎడమచేత్తోనే అని అక్క ఎప్పుడు గమనించిందో తెలియదు.

“నీది గూడ ఎడమ చెయ్యే గద. ఆ పొల్లకు చెప్పుడు నాకు చేతనైతలేదు. నువ్వు చెప్పు,” అంది.

నాకే రాదన్నాను.

“నేర్చుకోని చెప్పు.”

అక్క నాకు పక్కన కాక ఎదురుగా కూర్చుంది. అద్దంలో చూసినట్టు ఆమె కుడిచేయి చేసేదంతా నా ఎడమచేయి చేయాలి. చిన్నప్పుడు పుట్టింట్లో ఆ చేతి మీద చాలా దెబ్బలు తిన్నాను. పెళ్లయ్యాక ఎవరికీ కనబడకుండా దాచుకున్నాను. ఇప్పుడు అక్క దాన్నే చూస్తూ, బాగుందని తలూపుతుంటే సూదిని ఇంకా బిగించి పట్టుకున్నాను. మొదట అల్లిన గొలుసు తాడులా బిగుసుకుపోయింది. అక్క విప్పించింది, మళ్లీ అల్లించింది.

గొలుసు కుదిరాక ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను. ఇక అద్దంతో పని లేదు, నా చేయి ఎట్లా కదిలితే తన చేయీ అట్లాగే. కాసేపటికి ఆ పిల్ల నెమ్మదిగా, “ఎడమ చేత్తోని చేస్తె మా నాయనమ్మ తిడ్తది,” అంది.

“నన్ను గూడ తిట్టిండ్రు. ఈడ ఎవ్వరు తిట్టరు,” అన్నాను.

కొన్నాళ్లకు ఆ నాయనమ్మే వచ్చింది. గొడవ పెడుతుందేమోనని నేను లేచి నిలబడ్డాను. ఆమె మనవరాలు అల్లిన లేసును వేళ్ల మధ్య రుద్ది చూసి, తన రైక చేతులకు సరిపడా అల్లడానికి ఎన్ని రోజులు పడుతుందని అడిగింది. పిల్లలంతా నవ్వారు. వాళ్లతో పాటు నేనూ నవ్వానని ఇంటికి వచ్చాక గానీ నాకు తెలియలేదు.

తర్వాత రెండేళ్లకు అక్క భర్తకు మళ్లీ డోర్నకల్‌కే బదిలీ అయింది. వెళ్లేముందు పిల్లలు తలా ఒక చదరం అల్లారు. నేనూ ఒకటి అల్లి, అన్నిటినీ కలిపి బల్లగుడ్డ చేశాను. ఒకరిది బిగువు, ఒకరిది వదులు కావడంతో అది ఎక్కడ పరిచినా చదునుగా ఉండేది కాదు. వరంగల్ స్టేషన్లో ప్యాసింజరు ఆగి అక్క ఎక్కగానే మేమంతా ఆమె కిటికీ దగ్గర గుమిగూడాం. అక్క రైలు పెట్టెలోనే తన ట్రంకు మీద ఆ గుడ్డ పరిచి, ఒక్కో చదరం మీద వేలు పెట్టి అది ఎవరిదో చెప్పసాగింది. ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. నా దాని దగ్గర ఆగింది.

“ఇంకా గట్టిగనే గుంజుతానవ్, చెల్లె. జర వదులు.”

నేను తలూపాను. చెప్పాలనుకున్నది చాలా ఉంది. బండి కదిలేటప్పుడు కిటికీ చువ్వ పట్టుకుని, “నువ్వు లేకపోతె నేను ఏమైపోదునో, అక్కా,” అని మాత్రం అనగలిగాను. ఆమె నా ఎడమచేతిని ఒకసారి నొక్కి వదిలింది.

మర్నాడు బడి వదిలే వేళకు నేను ఇంకా వంటింట్లోనే ఉన్నాను. ఇక పిల్లలు రారనుకున్నాను. బయట మాటలు వినబడి వచ్చి చూస్తే అత్తమ్మ మా అరుగు ఊడ్చి చాప పరిచి ఉంచింది. పిల్లలు వరుసగా కూర్చుని సూదులు తీస్తున్నారు. ఎడమచేతి పిల్ల కొసన కూర్చుని, పక్కన నాకు చోటు ఉంచింది.