జమైకా ఆంటీ పండగలు

సౌదీలోని అల్ ఖోబర్‌లో మేముండే బిల్డింగు మూడో అంతస్తులో ఒక జమైకా నర్సు ఉండేది. యాభై దాటిన మనిషి, మంచి పొడగరి. నవ్వితే భుజాలు కూడా కదిలేవి. నైట్ డ్యూటీలు చేసొచ్చి పగలంతా పడుకునేది కాబట్టి చాలాకాలం మా పరిచయం లిఫ్టులో పలకరింపు దగ్గరే ఆగిపోయింది.

ఒక మే నెలలో, పాపను స్కూలు బస్సెక్కించి వస్తుంటే లిఫ్టు పనిచేయడం లేదు. మెట్లెక్కాను. ఆవిడ తలకు గుడ్డ చుట్టుకుని, మెట్ల మీద పాత పేపర్లు పరిచి, గోడకు రంగు వేస్తోంది. ఓనరు చేయించడం మానేసి ఎన్నాళ్లయిందో, ఆ గోడంతా చేతిమరకలే.

"డ్యూటీ లేదా ఆంటీ?" అన్నాను.

"ఈరోజు మా దేశంలో సెలవు. మా కార్మిక దినం. లీవు పెట్టాను."

"సెలవు పెట్టి ఈ పనేంటి?"

"ఈరోజు మా ఊళ్లో ఎవరూ ఊరికే కూర్చోరు. బడికి రంగేస్తారు, కాలవలు బాగుచేస్తారు, ముసలివాళ్ల ఇళ్లకు కంచెలు కడతారు. కూలి ఉండదు. అందరికీ ఒక పెద్ద గిన్నెలో సూప్ కాస్తారు, అంతే."

కింది అంతస్తులో కడప నుంచి వచ్చిన డ్రైవరు కుటుంబం ఉంటుంది. డ్రైవరు భార్య, పాతికేళ్ల అమ్మాయి, చప్పుడు విని పైకొచ్చింది. "ఏందక్కా, ఆయమ్మ గోడకు రంగు పూస్తాండాది?" అని నన్నడిగింది. సంగతి చెప్పాను. ఒక నిమిషం చూసి కిందికి వెళ్లి, బ్రష్షు పట్టుకుని, కొంగు బిగించి వచ్చింది. ఇక నేను ఒక్కదాన్నే చూస్తూ నిలబడటం బాగుండదనిపించింది. మధ్యాహ్నానికి ముగ్గురి చేతులూ ఆకుపచ్చగా అయ్యాయి. సూప్ మాత్రం ఆంటీయే కాచింది. గుమ్మడికాయ, దుంపలు, పిండిముద్దలు వేసి. ముగ్గురం మెట్ల మీదే కూర్చుని తాగాం.

అలా మొదలైంది. ఆగస్టులో వాళ్ల స్వాతంత్ర్య దినం వచ్చింది. బయట కాలు పెట్టలేని ఎండ. ఆంటీ నలుపు, ఆకుపచ్చ, పసుపు రంగుల గౌను వేసుకుని మమ్మల్ని భోజనానికి పిలిచింది. కొబ్బరిపాలలో రాజ్మా వేసి వండిన అన్నం, మసాలా పట్టించి కాల్చిన కోడి. వాళ్ల మిరపకాయ ఇక్కడ దొరకదని బాధపడుతుంటే మా ఇంట్లోంచి గుంటూరు కారం తెచ్చిచ్చాను. తినబోయే ముందు ఫోన్లో వాళ్ల జాతీయగీతం పెట్టి నిటారుగా నిలబడింది. మన దేశపు పాట కాదు కదా, మేము నిలబడాలా వద్దా అని నేను తటపటాయిస్తుండగానే కడప అమ్మాయి లేచి నిలబడింది.

ఆ తర్వాతి వారం పదిహేనో తేదీ ఉదయం మా తలుపు కొట్టింది ఆంటీ. నారింజ రంగు దుపట్టా ఎక్కడ సంపాదించిందో, మెడలో వేసుకుంది.

"మీ పండగ ఏది?" అంది.

మా వారు ఆఫీసుకు, పాప ట్యూషన్‌కు వెళ్లిపోయారు. ఇల్లంతా మామూలుగా ఉంది. నిజానికి ఇక్కడికొచ్చాక ఆ తేదీన నేనేమీ చేయలేదు. చిన్నప్పుడు బడిలో జెండా ఎగిరేశాక అరచేతిలో పోసే బూందీ, ఇంటికొచ్చేదాకా జేబుకుండే కాగితం జెండా ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆవిణ్ణి కూర్చోబెట్టి సేమ్యా పాయసం చేశాను. మన పాట పెడితే ఆంటీ మొదటి నుంచి చివరిదాకా కదలకుండా నిలబడింది.

డిసెంబరులో కింది బకాలా కొట్టు నుంచి ఎండిన ఎర్రటి పూలలాంటివి తెచ్చి అల్లం, లవంగాలతో మరిగించి రాత్రంతా నానబెట్టింది. క్రిస్మస్‌కు వాళ్లింట్లో అది ఉండి తీరాలట. కడప అమ్మాయి గిన్నెలోకి తొంగిచూసి, "ఇది మన గోంగూరే గదక్కా. కాయ మింద ఎర్ర రెక్కలు," అంది. నేను ఒక రేక కొరికి చూశాను. అదే పులుపు. ఆంటీకి చెబితే నమ్మలేదు. మర్నాడు పప్పులో గోంగూర వేసి తీసుకెళ్తే, తిని, కళ్లు మూసుకుని తలాడించింది.

ఆ రోజే, కేకు కోస్తుండగా, ఇన్ని పండగలు ఒంటరిగా ఎలా చేస్తారని అడిగాను. రమ్ములో నానాల్సిన ఎండుద్రాక్షను, ఇక్కడ అది దొరకదు కాబట్టి, ద్రాక్షరసంలో నానబెట్టి చేసిన నల్లటి కేకు అది.

"ఇన్నేళ్లు చేయలేదు. పండగొస్తే అమ్మకు ఫోన్ చేసేదాన్ని. వంటింట్లో ఏం ఉడుకుతోందో, ఎవరెవరొచ్చారో అమ్మ చెబుతుంటే వినేదాన్ని. అదే నా పండగ. కిందటేడు అమ్మ పోయింది. ఫోన్ చేయడానికి ఎవరూ లేరు. అందుకని నేనే చేసుకుంటున్నాను," అంది.

కడప అమ్మాయికి ఇంగ్లీషు అంతగా రాదు. అయినా లేచి వెళ్లి ఆంటీ పక్కన కూర్చుంది.

కాంట్రాక్టు ముగిసి ఆంటీ ఇక తిరిగి రాని ఫైనల్ ఎగ్జిట్ వీసా మీద వెళ్లబోయే ముందు గుడ్ ఫ్రైడే వచ్చింది. ఆవిడ పండగలన్నింటిలో ఇక్కడి శుక్రవారం సెలవుతో ఏటా కలిసేది అదొక్కటే. ఎండ రాకముందే గ్లాసు నీళ్లలో కోడిగుడ్డు తెల్లసొన వేసి బాల్కనీలో పెట్టింది. ఎండ తగిలాక అందులో ఏర్పడే ఆకారాన్ని బట్టి జరగబోయేది చెబుతారట. కడప అమ్మాయికి అందులో మినారు కనిపించింది. నాకు గుడ్డు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"ఓడ," అంది ఆంటీ. "అంటే ప్రయాణం." కాసేపు దాన్నే చూసి, "టికెట్ కొన్నాక చెబుతోంది ఈ గుడ్డు," అని నవ్వింది. భుజాలు ఎప్పటిలాగే కదిలాయి. కళ్లు మాత్రం తుడుచుకుంది. తర్వాత టిన్నులో వచ్చే చీజు ముక్కలు కోసి, తను చేసిన తియ్యటి బన్నులో పెట్టి ఇద్దరికీ ఇచ్చింది.

ఆవిడ వెళ్లాక వచ్చిన క్రిస్మస్ పొద్దున, మేము టిఫిన్ చేస్తుండగా ఆంటీ దగ్గర్నుంచి వీడియో కాల్ వచ్చింది. అక్కడ ఇంకా ముందురోజు రాత్రి. వీధంతా సంత. బుడగలు, బూరలు, కొత్తబట్టల పిల్లలు, పాటలు. హలో అన్నదో లేదో, ఫోను ఎవరి చేతికో ఇచ్చి జనంలోకి నడిచింది. నేను కడప అమ్మాయిని పిలిచాను. ఇద్దరం ఆ చిన్న తెరలోకి వంగి వెతికాం.

"ఆంటీ యాడుండాదక్కా?" అంది.

నాకూ కనిపించలేదు. అక్కడ అందరూ ఆవిడలాగే నవ్వుతున్నారు.