పలివెలకి బొట్టు పిలుపు, సంచీ నిండా ఛార్జర్లు

తమ్ముడి పెళ్ళికి ఊరూరా తిరిగి పిలవడం ఎందుకని, వీడియో శుభలేఖ తయారుచేసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పడేసింది నేనే. అందులో బంగారు కుంకుమభరిణె దానంతటదే తెరుచుకుంటుంది, వెనక సన్నాయి మోగుతుంది. నలభై ఇళ్ళ నుంచి చప్పట్ల బొమ్మలు వచ్చాయి. పలివెలలో ఉండే మా మేనత్త మాత్రం గ్రూపులోంచే వెళ్ళిపోయింది. ఫోను చేస్తే ఎత్తదు. "మేనత్త లేకుండా వాణ్ణి పెళ్ళికొడుకుని ఎలా చేస్తామే? నీ తెలివి తెల్లారినట్టే ఉంది. వెళ్ళి బొట్టు పెట్టి పిలిచి రా" అని అమ్మ కేకలేసింది. పెళ్ళికి తొమ్మిది రోజులే ఉన్నాయి.

ఆదివారం ఉదయం ఏడింటికి రాజమండ్రిలో రావులపాలెం బస్సెక్కాను. ఆడవాళ్ళకి టికెట్టు లేదు, ఆధార్ కార్డు మాత్రం దగ్గరుండాలి. ఏ ప్రయాణానికైనా ఫోన్లో జాబితా రాసుకోవడం నా అలవాటు. చీర, పళ్ళు, స్వీట్లు, పవర్ బ్యాంకు, రెండు ఛార్జర్లు, అన్నిటికీ టిక్కు పెట్టేశాను. రావులపాలెంలో ఇడ్లీ తిని బస్సు మారితే తొమ్మిదిన్నరకి కొత్తపేట. దారిలో కొబ్బరితోటలు ఎలా ఉన్నాయని మాత్రం అడక్కండి. నేను మ్యాపులో నీలం చుక్క కదలడమే చూస్తూ కూర్చున్నాను.

పలివెలకి ఆటో అరవై రూపాయలన్నాడు. ఎక్కి ఫోను చూపించాను.

"లొకేషన్ ఎందుకండీ? ఎవరింటికో చెప్పండి."

"లెక్కల మాస్టారింటికి. మా మావయ్యగారే."

"ఆయ్! ఫోన్లో శుభలేఖ పడేసేరంట కదండీ? అమ్మగారు చాలా నొచ్చుకున్నారండి. ఆ పంపింది మీరేనేంటండీ?"

నా ఫోనుకి సిగ్నలు లేదు గానీ, నా ఘనకార్యం మాత్రం నాకన్నా ముందే ఊరు చేరింది.

అత్త వసారాలో కూర్చుని కొబ్బరి తురుముతోంది. తలెత్తలేదు. "ఫోన్లో రాకుండా మనిషివే వచ్చేవేంటే?" అంది. నేను చీర, పళ్ళు పళ్ళెంలో సర్ది, కుంకుమ కోసం సంచీలో చెయ్యి పెట్టాను. పవర్ బ్యాంకు వచ్చింది. మళ్ళీ పెడితే ఛార్జరు. ఇంకోసారి పెడితే ఇంకో ఛార్జరు. ఓరి దేవుడో, కుంకుమభరిణె జాబితాలోనే రాయలేదు!

"కుంకుమ మర్చిపోయానత్తా" అన్నాను.

అత్త నన్నోసారి, నా చేతిలోని వైర్లనోసారి చూసి పగలబడి నవ్వింది. లోపలికెళ్ళి తన భరిణె తెచ్చి నా చేతిలో పెట్టింది. "పెట్టు. ఆ వీడియో పదిసార్లు చూసేనే, బాగా చేసేవు. కానీ నిన్ను చంకనేసుకుని పెంచేను, నన్నూ అందరితోపాటు ఆ గ్రూపులోనే పిలిచేస్తావా?" నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. బొట్టు వంకరగా పెట్టాను. తుడుచుకోలేదు. "నాలుగు రోజుల ముందే వస్తాలే" అంది.

తిరుగు బస్సులో ఆలోచించాను. ఫోన్లో పంపడానికైనా, బొట్టు పెట్టడానికైనా కావలసింది ఒక్క వేలే. కాకపోతే రెండో పనికి ఆ వేలు పలివెల దాకా రావాలి. ఇంతలో ఫోను మోగింది. అత్త మా అమ్మ చేత మళ్ళీ గ్రూపులో చేర్పించుకుని, వంకర బొట్టుతో ఫొటో పెట్టింది. "మా మేనకోడలు ఇంటికొచ్చి పిలిచింది" అని రాసింది. కింద కపిలేశ్వరపురం పిన్ని "మరి మాకో?" అంది. ఐ.పోలవరం దొడ్డమ్మ "మేం కానివాళ్ళమా?" అంది. చప్పట్లు కొట్టినవాళ్ళంతా వరసకట్టారు. అంచేత మీకు నా సలహా ఒక్కటే: భరిణె ముందు సర్దుకోండి, అదీ పెద్దది. నాకింకా నలభై ఇళ్ళున్నాయి.