అంచుకు కట్టిన దారం

ఏ బట్ట చేతికొచ్చినా సుభాషిణి ముందు దాని అంచు తడిమి చూస్తుంది. సూరత్ మగ్గాల చప్పుడులో పెరిగిన అలవాటది. కాలేజీలో ఖగోళ భౌతికశాస్త్రం చెప్పే ఆమె, ఆకాశం ఫొటోలను కూడా అలాగే చూస్తుంది. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా వంగి. ఇరవై ఏళ్ల పరిశోధనలో ఆమెకు పేరు తెచ్చింది ఒకే ఒక్క జాబితా. నక్షత్రాల్లా కనిపించి మోసం చేసే టెలిస్కోప్ కెమెరా మచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయో అందులో ఉంటుంది.

ఆదివారం పొద్దున పక్కింటి నాగేశ్వరి టీకి వచ్చి, "ఇప్పటికి ఎన్ని నక్షత్రాలు కనిపెట్టారండీ?" అని అడిగింది.

"ఒక్కటీ లేదండీ. నక్షత్రాలు కానివే కనిపెట్టాను" అంది సుభాషిణి.

నాగేశ్వరి నవ్వేసి బిస్కెట్ అందుకుంది. కిటికీ దగ్గర కూర్చున్న సుభాషిణి తండ్రి లింగం మాత్రం ఇటు తిరిగాడు. నలభై ఏళ్లు మిల్లులో బట్ట తనిఖీ చేసిన మనిషి.

"నేను గూడ గదే చేసిన గద బిడ్డా! బట్ట ఖరాబున్న కాడ అంచుకు ఎర్రదారం కడుతుంటి. బట్ట కోసే దర్జీ ఆడ కత్తెర పెట్టకపోతుండె. నీ దారం ఎంతమంది సూసిండ్రు?"

"మూడొందల మంది బాపూ. సూసినమని వాళ్ల పేపర్లల్ల నా పేరు రాసిండ్రు."

"రాసిండ్రా!" ముసలాయన కుర్చీలో ముందుకు జరిగాడు. "నాకైతే ఒక్కడు గూడ వచ్చి చెప్పలే. జర ఆళ్ల పేర్లు సదువు."

సుభాషిణి ఫోన్ తీసి, కళ్లద్దాలు పైకి నెట్టి చదవసాగింది. చిలీ నుంచి ఒకరు, జపాన్ నుంచి ఇద్దరు. ఒక్కో పేరుకీ లింగం, తను ఎన్నాళ్లనుంచో ఎదురుచూస్తున్న దర్జీ గుమ్మంలోకి వచ్చినట్టు, నిదానంగా తలూపాడు.